చదువురానివారి గ్రంథమా? - ఫెయిర్‌ఫోర్డ్ చర్చి వర్ణగాజు కిటికీలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఫెయిర్‌ఫోర్డ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో క్రీ.శ. 1500 - 1517 మధ్యకాలానికి చెందిన 28 వర్ణగాజు కిటికీలు ఉన్నాయి. మధ్యయుగాల నాటి కిటికీలు ఒక పారిష్ చర్చిలో ఇంత సమగ్రంగా మిగలడం ఆ దేశంలో మరెక్కడా కనిపించదు. ఇటువంటి కిటికీలను 'చదువురానివారి గ్రంథం' అని వర్ణించడం పరిపాటి. ఆ వర్ణన ఎంతవరకు నిలుస్తుందో ఫెయిర్‌ఫోర్డ్ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కిటికీల అర్థం బొమ్మలో మాత్రమే లేదనీ, అమరిక, వెలుతురు, వాక్కు అనే మూడింటి కలయికలో అది ఏర్పడుతుందనీ ప్రతిపాదిస్తుంది. తెలుగు దృశ్యకథన సంప్రదాయాలతోను, మెదక్ కెథడ్రల్ కిటికీలతోను పోల్చి ఈ ప్రతిపాదనను సమర్థిస్తుంది.

కీలకపదాలు: వర్ణగాజు, ఫెయిర్‌ఫోర్డ్, పారిష్ చర్చి, దృశ్యకథనం, పునరుద్ధరణ, తోలుబొమ్మలాట, మెదక్ కెథడ్రల్.

1. ప్రవేశిక:

క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సెయ్ నగర బిషప్పు సెరెనస్ తన చర్చిలోని చిత్రాలను ధ్వంసం చేయించాడు. ప్రజలు వాటిని పూజిస్తున్నారన్నది అతని అభ్యంతరం. ఆ చర్యను తప్పుపడుతూ పోప్ మొదటి గ్రెగొరీ అతనికి లేఖలు రాశాడు. చదువు వచ్చినవారికి రాత ఎటువంటిదో చదువురానివారికి చిత్రం అటువంటిదన్నది ఆ లేఖల సారాంశం. పాశ్చాత్య క్రైస్తవ కళను వివరించే గ్రంథాల్లో ఈ మాట తరువాత ఒక సూత్రంగా స్థిరపడింది. వర్ణగాజు కిటికీల దగ్గరికి వచ్చేసరికి అది 'పేదల బైబిలు' అనే పేరుతో పర్యాటకుల చేతిపుస్తకాల దాకా చేరింది.

ఈ సూత్రం తెలుగు పరిశోధనకు పరాయిది కాదు. లేపాక్షి కుడ్యచిత్రాల గురించి, శ్రీకాళహస్తి కలంకారీ గురించి రాసేటప్పుడు 'నిరక్షరాస్యులకు పురాణజ్ఞానం అందించడానికి' అవి ఏర్పడ్డాయనే వాక్యం సిద్ధాంతవ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. ఆ వాక్యం ఎంత తేలికగా రాయవచ్చునో అంత తేలికగా నిరూపించలేము. కాబట్టి సూత్రం పుట్టిన సంప్రదాయంలోనే, ఆధారాలు దాదాపు పూర్తిగా మిగిలిన ఒక చోట దానిని పరీక్షించడం అవసరం. అందుకు ఫెయిర్‌ఫోర్డ్ మిక్కిలి అనువైన క్షేత్రం.

2. నిర్మాణ నేపథ్యం:

ఫెయిర్‌ఫోర్డ్ కాట్స్‌వోల్డ్స్ ప్రాంతానికి చెందింది. 15వ శతాబ్దంలో ఈ ప్రాంతపు సంపదకు మూలం గొర్రెల ఉన్ని. ఉన్ని వర్తకుడు జాన్ టేమ్ ఇక్కడి పాత చర్చిని దాదాపు పూర్తిగా తిరిగి కట్టించాడు. ఆయన 1500లో మరణించగా కుమారుడు ఎడ్మండ్ టేమ్ ఆ పనిని పూర్తి చేశాడు. రాజు కాని, మఠం కాని కట్టించినది కాకపోవడం ఈ చర్చి విశేషం. ఒక వర్తక కుటుంబం తమ ఊరి విచారణ దేవాలయానికి చేసిన సమర్పణ ఇది.

కిటికీల రూపకర్తలు ఎవరన్న ప్రశ్న విమర్శచరిత్రలో పెద్ద వివాదానికి దారితీసింది. 19వ శతాబ్దంలో కొందరు వీటిని జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్‌కు ఆపాదించారు. ఆ వాదం నిలవలేదు. హెన్రీ 7కు రాజ గాజుచిత్రకారుడుగా పనిచేసి 1517లో మరణించిన బార్నార్డ్ ఫ్లవర్ బృందానికి వీటిని ఆపాదించడం ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించే అభిప్రాయం. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయపు గాజుపని మొదలుపెట్టింది కూడా ఈయనే. హిలరీ వేమెంట్ 1984లో ప్రచురించిన గ్రంథం ఈ కిటికీల శైలిని, ఇతివృత్తాలను విస్తృతంగా పరిశీలించింది.

డ్యూరర్ వాదం వీగిపోయినా దాని వెనుక ఉన్న మనస్తత్వం గమనించదగింది. గొప్ప పనికి గొప్ప పేరు ఒకటి ఉండితీరాలన్న కోరిక అది. గాజుపని స్వభావరీత్యా సామూహికమైనది. నమూనా గీసేవారు, గాజు కోసేవారు, గీతలు దిద్దేవారు, కొలిమి చూసేవారు, సీసం బిగించేవారు కలిస్తే తప్ప ఒక్క కిటికీ కూడా సిద్ధం కాదు. కర్తృత్వచర్చకు ఇచ్చినంత స్థలం ఈ సామూహిక ప్రక్రియకు ఇవ్వకపోవడం 19వ శతాబ్ది విమర్శలోని ప్రధాన లోపం.

3. మాధ్యమ స్వభావం:

స్టెయిన్డ్ గ్లాస్ అని వాడుకలో ఉన్న వర్ణగాజును 'గాజుపై వేసిన బొమ్మ'గా భావించడం పొరపాటు. ఇందులో రంగు ప్రధానంగా గాజులోనే ఉంటుంది. కరిగిన గాజులో లోహాల ఆక్సైడులు కలిపి నీలం, ఆకుపచ్చ, ఊదా వంటి రంగులు రాబడతారు. ఎరుపు గాజు నిండుమందాన ఎర్రగా ఉంటే వెలుతురును దాటనీయదు. అందువల్ల తెల్లగాజుకు పలుచని ఎర్రపొర అతికిస్తారు. ముఖం, వేళ్లు, వస్త్రాల ముడతలు వంటి వివరాలను లోహపు ఆక్సైడు, గాజుపొడి కలిపిన ముదురు రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. తరువాత ముక్కలను సీసపు పట్టీలతో కూర్చుతారు. అంటే సీసపు గీత ఇక్కడ కట్టుబడి మాత్రమే కాదు, రేఖాచిత్రం కూడా.

14వ శతాబ్దం ఆరంభం నుంచి వాడుకలోకి వచ్చిన వెండి వర్ణం ఈ పద్ధతిని కొంత మార్చింది. వెండి సమ్మేళనాన్ని తెల్లగాజుపై పూసి కాలిస్తే ఆ మేరకు పసుపు వర్ణం దిగుతుంది. దీనివల్ల ముఖం తెల్లగా, జుట్టు బంగారువన్నెగా ఒకే గాజుముక్కపై వేయగలిగారు. మధ్యలో సీసపు గీత అవసరం లేకపోయింది. ఫెయిర్‌ఫోర్డ్ కాలానికి ఈ పద్ధతి పరిణతి చెందింది. నెదర్లాండ్స్ చిత్రకళ ప్రభావంతో వెనుకదృశ్యాలు, భవనాలు, లోతు చూపే ప్రయత్నం కూడా ప్రవేశించాయి. అయినా ఇక్కడి కిటికీలు తైలవర్ణచిత్రానికి నకళ్లుగా మారలేదు. గాజుకు గాజుగా ఉండే గుణాన్ని కాపాడుకుంటూనే అవి చిత్రకళను సమీపించాయి. తరువాతి శతాబ్దాల్లో తెల్లగాజుపై ఎనామెల్ రంగులు పూసే పద్ధతి బలపడి ఈ సమతూకం చెదిరింది. ఆ దృష్టితో చూస్తే ఫెయిర్‌ఫోర్డ్ ఒక ప్రక్రియ తన శిఖరం మీద, పతనానికి కొంచెం ముందు నిలిచిన స్థితిని చూపుతుంది.

4. కిటికీల అమరిక:

28 కిటికీలకు ఒక వరుస ఉంది. కథ ఉత్తరపు ప్రార్థనాగదిలో మొదలవుతుంది. మొదటి కిటికీలో హవ్వ శోధన, మోషే చూసిన మండుతున్న పొద, గిద్యోను గొర్రెబొచ్చు, సొలొమోను ఎదుట షేబ రాణి దర్శనమిస్తారు. ఇవి నాలుగూ పాతనిబంధన ఘట్టాలే అయినా నలుగురు వేర్వేరు వ్యక్తుల కథలు. వీటిని కలిపే సూత్రం బొమ్మల్లో ఎక్కడా లేదు. కాలకుండా మండిన పొద మరియ కన్యాత్వానికి సూచన అనే వ్యాఖ్యాన సంప్రదాయం తెలిసినవారికే ఆ వరుస అర్థమవుతుంది. తరువాత మరియ జీవితం, యేసు జననం, బాల్యం వస్తాయి.

తూర్పు కిటికీలో కింది భాగాన యెరూషలేము ప్రవేశం, గెత్సేమనే వేదన, పిలాతు విచారణ, కొరడాదెబ్బలు, సిలువ మోయడం ఉంటాయి. పైభాగాన్ని సిలువ దృశ్యం ఆక్రమిస్తుంది. దక్షిణపు ప్రార్థనాగదిలో భూస్థాపన నుంచి ఆరోహణం, పవిత్రాత్మ రాక వరకు కథ సాగుతుంది. అక్కడితో కథనం ఆగి ప్రతిపాదన మొదలవుతుంది. దక్షిణపు నడవలో పన్నెండుమంది అపొస్తలులు నలుగురేసి చొప్పున మూడు కిటికీల్లో నిలుచుంటారు. ఒక్కొక్కరి వద్ద విశ్వాస ప్రమాణంలోని ఒక్కొక్క వాక్యం రాసిన పట్టీ ఉంటుంది. వారికి ఎదురుగా ఉత్తరపు నడవలో పన్నెండుమంది ప్రవక్తలు ఆ వాక్యాలకు జోడుగా ప్రవచనాలు పట్టుకొని ఉంటారు. నడవల మధ్య నడిచే వ్యక్తి వాగ్దానానికి, నెరవేర్పుకు నడుమ నడుస్తాడు.

పై వరుస కిటికీల్లో దక్షిణాన పన్నెండుమంది భక్తులు, హతసాక్షులు ఉండగా ఉత్తరాన పన్నెండుమంది హింసకులు ఉంటారు. భక్తుల తలల పైన దేవదూతలు, హింసకుల తలల పైన దయ్యాలు కనిపిస్తాయి. పడమటి గోడలో అంత్య తీర్పు. దానికి ఒక పక్క అమాలేకీయునికి దావీదు విధించిన తీర్పు, మరొక పక్క ఇద్దరు తల్లుల వివాదంలో సొలొమోను తీర్పు. మానవ న్యాయం రెండు అంచులుగా నిలిచి దైవ న్యాయాన్ని మధ్యలో నిలిపిన ఈ కూర్పు మొత్తం పథకంలో అత్యంత ఆలోచనాత్మకమైనది.

ఈ అమరికలో సూర్యుడు కూడా భాగస్వామి. ఉదయపు వెలుతురు తూర్పున సిలువ వెనుక నుంచి వస్తుంది. ఆ అక్షాంశంలో దక్షిణపు గోడకు పగటి ఎండ నేరుగా తగులుతుంది. భక్తుల కిటికీలు వెలిగిపోతాయి. ఉత్తరపు గోడకు ఏడాదిలో ఎక్కువకాలం నేరుగా ఎండ రాదు. హింసకులు చల్లని, సమమైన వెలుతురులో ఉండిపోతారు. పొద్దు వాలేవేళ పడమటి కిటికీలో నరకపు ఎరుపు మండుతుంది. లోకాంత దృశ్యం దినాంతపు వెలుతురుతో బతుకుతుంది. తూర్పున సిలువ, పడమట తీర్పు అన్న ఏర్పాటు ఆనాటి చర్చిలకు సాధారణమే. దానిని నాలుగు దిక్కులకూ విస్తరించి, ఆ విస్తరణ మొత్తం ఇప్పటికీ చూడగలిగేట్లు మిగలడం ఫెయిర్‌ఫోర్డ్ ప్రత్యేకత.

5. 'చదువురానివారి గ్రంథం' - పునఃపరిశీలన:

పై వివరణను బట్టి సూత్రంలోని ఇబ్బంది తేటపడుతుంది. అపొస్తలుల పట్టీల మీది రాత లాటిన్. చదువురానివారి కోసమే ఈ కిటికీలు ఏర్పడి ఉంటే అంత రాత, అదీ ఊరివారు మాట్లాడని భాషలో, ఎందుకుంది? పై వరుసలోని ఆకృతులు నేల నుంచి చాలా ఎత్తున ఉన్నాయి. హింసకుల్లో ఎవరు ఎవరో గుర్తించడం నిపుణులకే పరీక్ష. గిద్యోను గొర్రెబొచ్చును కథ తెలియనివారు చూస్తే అది ఒక గొర్రెబొచ్చు మాత్రమే.

లారెన్స్ డగ్గన్ 1989లో ప్రచురించిన వ్యాసంలో ఈ సూత్రాన్ని సూటిగా ప్రశ్నించాడు. ముందే తెలిసిన విషయాన్ని చిత్రం గుర్తుచేయగలదే కాని తెలియని విషయాన్ని తనంతట తాను నేర్పలేదన్నది ఆయన వాదసారం. ఫెయిర్‌ఫోర్డ్ దీనిని చాలావరకు బలపరుస్తుంది. మధ్యయుగాంతంలో ప్రతి విశ్వాసి విశ్వాస ప్రమాణాన్ని కంఠస్థం చేయాలని చర్చి కోరింది. చదవడం రాకపోయినా ఆ పన్నెండు వాక్యాలు నోటికి వచ్చినవారికి అపొస్తలుల వరుస ఒక జపమాలలా పనిచేసి ఉంటుంది. కన్ను ఒక్కొక్క ఆకృతిని దాటుతుంటే నోరు ఒక్కొక్క వాక్యాన్ని పలుకుతుంది. ఇక్కడ కిటికీ పుస్తకం కాదు. కంఠస్థపాఠానికి కట్టిన మెట్లు.

అయితే డగ్గన్ వాదాన్ని సంపూర్ణంగా అంగీకరించడమూ కుదరదు. అంత్య తీర్పు కిటికీ కింది భాగంలో మిఖాయేలు ఆత్మలను తూస్తుంటాడు. ఒకవైపు దయ్యాలు పాపులను నరకానికి ఈడ్చుకుపోతుంటాయి. ఒక నీలిదయ్యం ఒక స్త్రీని తోపుడుబండిలో వేసుకొని తీసుకుపోతుంటుంది. దీనికి వ్యాఖ్యాత అవసరం లేదు. బండి అందరికీ తెలుసు, భయమూ అందరికీ తెలుసు. కాబట్టి చిత్రగ్రహణంలో మూడు అంతరువులను వేరుచేయడం సముచితం. మొదటిది భావస్పర్శ. భయం, జాలి, ఆనందం చదువుతో నిమిత్తం లేకుండా కలుగుతాయి. రెండవది గుర్తింపు. ఇది విన్న కథపై ఆధారపడుతుంది. మూడవది సిద్ధాంతగ్రహణం. ఇది బోధపై ఆధారపడుతుంది. గ్రెగొరీ సూత్రాన్ని వాడేవారు మొదటి అంతరువులోని నిజాన్ని చూపి మూడవదానికి సాక్ష్యంగా నిలబెడుతున్నారు.

6. తెలుగు దృశ్యకథన సంప్రదాయాలతో పోలిక:

ఈ విభజన తెలుగు సంప్రదాయాల వెలుగులో మరింత స్పష్టమవుతుంది. చేర్యాల నకాశీ పటం ఒంటరిగా ఉండదు. దానిని విప్పుతూ, వేలితో చూపుతూ, పాడుతూ కథచెప్పే కళాకారుడు ఉంటాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారి చేతిలోనే ఆ పటానికి ప్రాణం. పటం పాటకు ఆధారం, పాట పటానికి అర్థం. ఈ జంటను విడదీసి పటాన్ని 'నిరక్షరాస్యుల గ్రంథం' అనడం కథకుని పాత్రను తుడిచివేయడమే. కలంకారీ కథావస్త్రాల్లో బొమ్మలతోపాటు తెలుగు రాతలు ఉండడం కూడా ఇటువంటి సాక్ష్యమే. రాత, బొమ్మ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు.

మాధ్యమపరంగా వర్ణగాజుకు అత్యంత సన్నిహితమైనది తోలుబొమ్మలాట. కుడ్యచిత్రం మీద పడిన వెలుతురు వెనుదిరిగి కంటికి చేరుతుంది. తోలుబొమ్మలోనూ వర్ణగాజులోనూ వెలుతురు రంగులోంచి దూసుకొని వస్తుంది. పలుచగా సాపుచేసిన తోలుకు రంగులద్ది, రంధ్రాలు పొడిచి, తెర వెనుక దీపం ముందు నిలిపితే చీకటిలో కూర్చున్న ప్రేక్షకునికి రాముడు వెలుగుగా కనబడతాడు. నల్లని అంచురేఖ అక్కడా ముఖ్యమే. భేదం చలనంలో ఉంది. తోలుబొమ్మలాటలో దీపం స్థిరం, బొమ్మ చలం. కిటికీలో బొమ్మ స్థిరం, వెలుగు చలం. తోలుబొమ్మను ఆడించేది కళాకారుడు, కిటికీని ఆడించేది సూర్యుడు. ఈ రెండింటికీ వాక్కు తోడుండడం మరొక సామ్యం. అక్కడ ద్విపదలు, పద్యాలు, హాస్యగాళ్ల మాటలు. ఇక్కడ లాటిన్ ప్రార్థన, గురువు ప్రసంగం, నోటికొచ్చిన విశ్వాస ప్రమాణం.

7. పడమటి కిటికీ - పునరుద్ధరణ ప్రశ్న:

1547 నాటి రాజాజ్ఞలు, 1640లలోని పార్లమెంటు శాసనాలు ఇంగ్లండు చర్చిల్లోని బొమ్మలను పెద్దయెత్తున నాశనం చేయించాయి. ఫెయిర్‌ఫోర్డ్ ఆ రెండు దశలనూ దాటింది. మనుషుల నుంచి తప్పించుకున్నదానిని ప్రకృతి దెబ్బతీసింది. 1703 నవంబరు చివర వచ్చిన మహాతుపాను పడమటి కిటికీని తీవ్రంగా దెబ్బతీసింది. 1860లలో చాన్స్ బ్రదర్స్ సంస్థ ఆ కిటికీ పైభాగాన్ని కొత్త గాజుతో తిరిగి చేసింది. నేడు చూపరి కంటికి కనిపించే తీర్పు దృశ్యంలో కింది నరకం మధ్యయుగానిది, పైన స్వర్గం విక్టోరియా కాలానిది.

దీనిని ఎలా అంచనా వేయాలి? 1877లో విలియం మోరిస్ తదితరులు స్థాపించిన ప్రాచీన భవనాల పరిరక్షణ సంఘం, పాతదాన్ని కొత్తగా చేయడం కంటే ఉన్నదాన్ని మరమ్మతుతో నిలపడమే ధర్మమని చాటింది. ఆ ప్రమాణంతో చూస్తే 1860ల పని దోషమే. పాత గాజు మందం, బుడగలు, రంగులోని హెచ్చుతగ్గులు వెలుతురును చెదరగొట్టి సజీవం చేస్తాయి. యంత్రయుగపు గాజులో ఆ చెదరడం తక్కువ. పై భాగం కింది భాగంతో పలకకపోవడానికి కారణం గీతలో కంటే గాజులోనే ఎక్కువగా ఉంది.

ఐతే ఆ భాగాన్ని తీసివేయాలనడం కూడా సరికాదు. అది లేకపోతే మొత్తం పథకంలోని తూర్పు-పడమర సంవాదం తెగిపోతుంది. దాని విలువ ప్రాచీనతలో లేదు, స్థానంలో ఉంది. లోపాన్ని దాచకుండా, ఏది ఏ కాలానిదో ప్రేక్షకునికి తెలియజేస్తూ నిలపడమే న్యాయమైన మార్గం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కిటికీలను విప్పి భద్రపరచి తరువాత తిరిగి అమర్చారు. 1988 నుంచి 2010 వరకు వాటిని దశలవారీగా సంరక్షించారు. ఐదువందల ఏళ్లు ఒకే చోట నిలిచిందనుకొనే వస్తువు నిజానికి పదేపదే విప్పి కూర్చినదని ఈ చరిత్ర చెబుతుంది. తాళపత్రాల ప్రతులు తిరగరాస్తూ కావ్యాలను నిలుపుకొన్న సాహిత్యానికి ఈ సంగతి కొత్త కాదు. పాఠపరిష్కర్త ప్రక్షిప్తాన్ని గుర్తిస్తాడు, కాని దాచడు.

8. మెదక్ కెథడ్రల్ - ఒక సరిపోలిక:

తెలంగాణలోని మెదక్ కెథడ్రల్ పారిష్ చర్చి కాదు, ఒక డయాసిస్ కేంద్రం. కాలమూ వేరు. అయినా ప్రస్తుత చర్చకు దాని సంబంధం వాస్తవమైనది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఈ నిర్మాణం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. ఇందులోని మూడు పెద్ద వర్ణగాజు కిటికీలు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించినవి. ఇతివృత్తాలు జననం, సిలువ, ఆరోహణం.

ఫెయిర్‌ఫోర్డ్ 28 కిటికీల్లో విస్తరించిన కథను మెదక్ మూడు ఘట్టాలకు కుదించింది. ఇక్కడ ప్రవక్తల వరుస లేదు, హింసకుల వరుస లేదు, అంత్య తీర్పు లేదు. ఈ భేదానికి కారణం స్థలం ఒక్కటే కాదు. మెదక్ విశ్వాసులకు తెలుగు బైబిలు అందుబాటులో ఉంది. పురుషోత్తమ చౌధరి వంటివారి కీర్తనలు నోళ్లలో నానుతున్నాయి. కథ చెప్పవలసిన భారం కిటికీ మీద లేదు. అందుకే అది కథను విడిచి ఘట్టాన్ని పట్టుకుంది. క్రిస్మస్ ఉదయం తెలుగు కీర్తన పాడే సమాజానికి ఆ కిటికీలోని శిశువు సమాచారం కాదు, పాటకు ప్రతిబింబం. వాక్కు ముందు, బొమ్మ తరువాత అన్న క్రమం ఇక్కడ నిస్సందేహంగా కనిపిస్తుంది. ఫెయిర్‌ఫోర్డ్‌లో తర్కించి చేరుకోవలసిన నిర్ణయానికి మెదక్ ప్రత్యక్ష సాక్ష్యం.

మెదక్ కిటికీలపై తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా పర్యాటక వర్ణన దగ్గరే ఆగుతున్నాయి. పగటిపూట మాత్రమే కనిపిస్తాయని ఆశ్చర్యపడడం వర్ణగాజును గురించిన తొలి వాక్యమే కాని చివరి వాక్యం కారాదు. ఏ గంటకు ఏ కిటికీ వెలుగుతుంది, ఏ కీర్తన వేళ సమాజం చూపు ఎటు ఉంటుంది, గాజు ఏ స్థితిలో ఉంది అన్న ప్రశ్నలు క్షేత్రపరిశోధనకు సిద్ధంగా ఉన్నాయి.

9. ముగింపు:

- 'చదువురానివారి గ్రంథం' అనే సూత్రం వర్ణగాజు కిటికీలు కలిగించే భావస్పర్శను వివరించగలదు, సిద్ధాంతబోధను వివరించలేదు. ఫెయిర్‌ఫోర్డ్‌లోని లాటిన్ రాతలు, సూచనాత్మక ఘట్టాలు దీనికి ఆధారాలు.
- కిటికీ అర్థం అమరిక, వెలుతురు, వాక్కు అనే మూడింటి కలయికలో ఏర్పడుతుంది. వీటిలో ఏ ఒక్కదానిని విడదీసి ఛాయాచిత్రంగా చూసినా విశ్లేషణ అసంపూర్ణమే.
- పటం, తోలుబొమ్మ, కలంకారీ వంటి తెలుగు రూపాలకు ఈ సూత్రాన్ని అన్వయించేటప్పుడు కథకుడు, గాయకుడు, శ్రోత అన్న పాత్రలను విస్మరించరాదు. చదువురానివారు అజ్ఞానులు కారు. విని, నోటికి పట్టి, పాడుకొన్నవారు.
- పునరుద్ధరించిన భాగాన్ని దాని కాలానికి చెందిన రచనగా గుర్తించి విమర్శించడమే పాతదానికీ కొత్తదానికీ న్యాయం.

ఫెయిర్‌ఫోర్డ్ గ్రామీణుడు కిటికీ ముందు నిలిచి చదవలేదు. తనకు తెలిసినదానిని వెలుతురులో మళ్లీ చూశాడు. ఆ 'మళ్లీ' అన్న మాటను విమర్శ గుర్తించినప్పుడే దృశ్యకళకు, మౌఖిక సంప్రదాయానికి మధ్య ఉన్న అసలు సంబంధం బోధపడుతుంది.